ఆటపెట్టెల వర్తకము - కొనువారి కడగండ్లు



నేను నేడు మాటాడబూనిన విషయము పిల్లల ఆటవస్తువునకు సంబంధించినది. ఆటవస్తువును గూర్చి పెద్దల యెదుట ఉపన్యాసమేల యని మీలో కొందరికి తోచవచ్చును. ఆట పిల్లలదే గాని దానికి చెల్లించెడి రూకలు పెద్దలవి. అంతకంటెను ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. ఒక వస్తువు నమ్మిన పిదప దానిపై అమ్మినవాని చేయి యెంతకాల ముండవచ్చును అను ప్రశ్న యీ వర్తకమున మిక్కిలి స్పష్టముగా కానవచ్చుచున్నది.

మన ధర్మశాస్త్రకారులు వివాదములకు కారణములైన వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించిరి. వానిలో క్రయవిక్రయానుశయ మొకటి. కొన్న పిదప గాని అమ్మిన పిదప గాని కలిగెడి పశ్చాత్తాపమని దాని యర్థము. అట్లు మనసు మారినవానికి మనుధర్మశాస్త్రము పదిదినముల గడువు నిచ్చినది. గడువు దాటినచో బేరము స్థిరము. వస్తువు కొన్నవానిది, రూకలు అమ్మినవానివి. ఈ న్యాయమును మనసునం దుంచుకొని తక్కిన సంగతులను వినగోరెదను.

ముందుగా వస్తువెట్టిదో చెప్పెదను. టెలివిజనుకు తగిలించి వీడియో ఆటల నాడుకొనుటకై చేసిన యంత్రమును కన్సోలు అందురు. మనము దానిని ఆటపెట్టె యందము. ఈ వర్తకము ముఖ్యముగా మూడు సంస్థల చేతిలో నున్నది: జపానుదేశపు సోనీ, నింటెండో, అమెరికాదేశపు మైక్రోసాఫ్టు. పెట్టె వేరు, ఆట వేరు. ఆటను డిస్కురూపమున గాని ఇంటర్నెట్టు మూలమున గాని మరల కొనవలయును. సోనీవారి ప్లేస్టేషను 5 మన దేశమున 2021 ఫిబ్రవరిలో విడుదలయైనపుడు డిస్కు పట్టెడి పెట్టె వెల 49,990 రూపాయలు. దానికై వచ్చిన క్రొత్త ఆటలలో కొన్నిటి వెల ఒక్కొక్కటి 4,999 రూపాయలు.

ఒకరి పెట్టెకై చేసిన డిస్కు వేరొకరి పెట్టెలో నడువదు. పెట్టెను పెక్కుమారులు స్వల్పలాభమునకో, నష్టమునకో అమ్మి, ఆ లోటును ఆటలపై వచ్చెడి రాబడితో పూడ్చుకొనుట యీ వర్తకుల ఆచారము. తాళము చౌకగా నిచ్చి చెవులను ప్రియముగా అమ్మినట్లున్నది. ఒకసారి పెట్టె కొన్నవాడు మరియొక యంగడికి పోదలచినచో, అంతవరకు కొన్న ఆటలను వదలుకొనవలసినదే. కొనువారి కడగండ్లకు మూలమిది.

మొదటి కష్టము పనితనపు లోపము. మైక్రోసాఫ్టువారు 2005 నవంబరులో ఎక్స్‌బాక్సు 360 అను పెట్టెను విడుదల చేసిరి. కొంతకాలమునకే పెక్కు పెట్టెలు ముందుభాగమున ఎఱ్ఱదీపములు వెలిగించి మూగవోవ నారంభించెను. పలుమారులు వేడెక్కి చల్లారుటవలన లోపలి సన్నని అతుకులు విఱుగుట అందులకు కారణము. కొన్నవారు ఆ యెఱ్ఱని దీపములకు మృత్యువలయమని పేరు పెట్టిరి. తుదకు 2007 జూలైలో సంస్థవారు ఆ లోపమునకు మూడేండ్ల పూచీ ప్రకటించి, అందులకై నూరుకోట్ల డాలర్లకు పైగా కేటాయించిరి.

నింటెండోవారి స్విచ్చు 2017 మార్చిలో వచ్చెను. చేత పట్టుకొని యాడెడి దాని మీటలు కొన్నాళ్లకు, వ్రేలు మోపకున్నను, తెరమీది బొమ్మను తమంతట తామే ప్రక్కకు జరుప మొదలిడెను. 2019లో అమెరికాలో వ్యాజ్యము పుట్టెను. 2020 జూనులో వాటాదారుల సభయందు ఆ సంస్థాధ్యక్షులు షుంటారో ఫురుకావాగారు కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పిరి. 2023లో ఐరోపా వినియోగదారుల సంఘములును, అధికారులును పట్టుపట్టగా, పూచీగడువు తీరిన మీటలను సైతము అచ్చట ఉచితముగా బాగుచేయుట కంగీకరించిరి. పుచ్చు సరకు అన్ని సంతలలోను కలదు. అడిగినవానికి, విసువక అడిగినవానికి, ఆలస్యముగానైనను కొంత న్యాయము దొరకునని యీ రెండు ఉదాహరణములు తెలుపుచున్నవి.

రెండవ కష్టము ఇచ్చినదానిని మరల తీసికొనుట. సోనీవారు 2006లో ప్లేస్టేషను 3ను విడుదల చేసినపుడు అందు లినక్సు అను వేరొక సాఫ్టువేరును చేర్చుకొని పెట్టెను కంప్యూటరువలె వాడుకొను వీలుండెను. 2010 ఏప్రిలు 1వ తేదీన ఇంటర్నెట్టుమీద పంపిన సవరణతో భద్రత కొఱకని చెప్పి దానిని తొలగించిరి. సవరణ వలదన్నవానికి ఆ సౌకర్యము మిగులును గాని, ఇంటర్నెట్టుపై ఇతరులతో కలసి యాడెడి వీలు పోవును. గూడుబండి యని యమ్మినవాడు మూడేండ్లకు వచ్చి గూడు విప్పుకొని, బండి నడుచుచునే యున్నదిగదా యని పలికినచో మన రచ్చబండ యొద్ద ఊరకుందురా? అచ్చటివారును ఊరకుండలేదు. న్యాయస్థానములలో ఏండ్లతరబడి నడచిన ఆ వ్యాజ్యము 2018లో 37,50,000 డాలర్ల రాజీతో ముగిసెను.

మూడవ కష్టము అన్నిటికంటె లోతైనది. డిస్కు చేతిలో నున్నపుడు దానిని స్నేహితునకు ఎరువీయవచ్చును. ఆడి విసిగినపుడు సగము వెలకైన నమ్ముకొనవచ్చును. 2013 మేనెలలో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్సు వన్ అను పెట్టెను ప్రకటించిరి. అది ఇరువదినాలుగు గంటల కొకసారియైన ఇంటర్నెట్టుతో కలియవలయుననియు, వాడిన డిస్కులు చేతులు మారుటకు కట్టుబాట్లుండుననియు తెలిపిరి. జనులు మండిపడిరి. నెలదినములు తిరుగకయే, జూను 19వ తేదీన, ఆ నియమములను ఉపసంహరించుకొనిరి.

కాని నాడు తలవాకిట నిలువరింపబడినది పెరటిత్రోవను లోపలికి వచ్చినది. నేడు అనేకములైన ఆటలు డిస్కులేకయే అమ్ముడగుచున్నవి. డిస్కుండియు, దూరమున నున్న సంస్థవారి సర్వరు పలుకనిచో కదలని యాటలు కలవు. యుబిసాఫ్టు అను ఫ్రెంచి సంస్థవారు 2014లో ది క్రూ అను కారుపందెముల ఆటను విడుదల చేసిరి. 2024 మార్చి 31వ తేదీన దాని సర్వరులను ఆపివేసిరి. నాటినుండి డిస్కు బీరువాలో భద్రముగా నున్నది. ఆట మాత్రము లేదు. నింటెండోవారు తమ పాత పెట్టెలకు సంబంధించిన ఇంటర్నెట్టు అంగళ్లను 2023 మార్చిలో మూసిరి. ఆ సంవత్సరమే అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషనువారు, 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 పాళ్లు అంగడిలో దొరకుట లేదని ప్రకటించిరి. మన యటకలపై తాతలనాటి తాళపత్రములు కలవు. వ్రాసినవాడు గతించెను, వ్రాయించినవాడు గతించెను. ఆకు పురుగుపట్టకున్న మనుమడు నేడును చదువుకొనును. పదేండ్లనాటి ఆటకు ఆ భాగ్యము లేకపోయెను.

పూర్వపక్షమును గూడ వినవలయును. సర్వరు నడుపుటకు నెలనెల ఖర్చగును. ఆడువారు తగ్గిన పిదప దానిని ఆచంద్రతారార్కము నడుపుమనుట తగదు. దొంగతనముగా నకళ్లు తీయువారు కలరు. ఆటలోని పాటలకు, కార్ల పేర్లకు పొందిన అనుమతులకు గడువుండును. ఇవి యన్నియు నిజములే. వర్తకుడు చెడవలయునని నేను కోరను. అయినను సిద్ధాంతమిది: అద్దెకిచ్చువాడు అద్దె యని చెప్పి యీయవలయును; అమ్మువాడు అమ్మకమని చెప్పి అమ్మవలయును. మాట అమ్మకముగా, వెల అమ్మకపు వెలగా నుంచి, హక్కు మాత్రము అద్దెవానిదిగా నిచ్చుట ధర్మము కాదు.

ఈ న్యాయమునే కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2024లో శాసనముగా చేసిరి. ఇంటర్నెట్టుమీద నమ్మెడి ఆటను పిదప తొలగించు వీలున్నయెడల, కొనువానికి దొరకునది అనుమతి మాత్రమే యని స్పష్టముగా చెప్పకుండ 'కొనుడు' అను మాట వాడరాదు. ఆ శాసనము 2025 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. ది క్రూ ఆట ఆగిపోయిన పిదప ఐరోపా పౌరులు, అమ్మిన ఆటను ఆడుటకు వీలైన స్థితిలోనే విడిచిపోవలయునని కోరుచు విన్నపము సాగించిరి. దానికి 2025లో పదిలక్షలకు పైగా సంతకములు చేకూరెను.

మన దేశమునను 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము కలదు. లోపముగల సరకునకును, మోసపుచ్చెడి ప్రకటనకును జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 1915 సంఖ్యకు టెలిఫోను చేసినచో దారి చెప్పుదురు. దేనికైనను రసీదు ప్రాణము.

కావున మనుమలు ఆటపెట్టె కావలెనని మారాము చేసినపుడు పెద్దలు మూడు ప్రశ్నలు వేయవలయును. పూచీ మన దేశమున చెల్లునా? అమెరికానుండి బంధువులు తెచ్చిన వస్తువు విషయమున ఈ విచారణ మఱింత యవసరము. ఆట మొత్తము డిస్కులోనే యున్నదా? ఇంటర్నెట్టు లేని దినమున అది నడుచునా? ఈ మూడింటికి సూటియైన ఉత్తరము రానిచో రూకలు మొలనుండి తీయకుడు. సాఫ్టువేరు చొచ్చిన ప్రతి వస్తువునకును ఈ ప్రశ్నలు చెల్లును. నేడు పిల్లల ఆటపెట్టె కొఱకు అడుగ నేర్చినవారు రేపు పెద్ద వస్తువుల కొఱకును అడుగగలరు.

సెలవు.