పాత కెమెరా: పనికి వచ్చునది, రానిది
(మన బడి వార్షికోత్సవమున ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగము)



మన బరంపురము బడి బీరువాలో ఒక పాత డిజిటల్ కెమెరా పడియున్నది. 2007 సంవత్సరమున వెలువడిన కెనాన్ పవర్‌షాట్ ఏ 570 ఐఎస్. దానిని పాతసామానువానికి ఇచ్చివేయుదమని కొందరు మిత్రులనుచున్నారు. అంతకుముందు దాని పక్షమున నాలుగు మాటలు చెప్పనిండు. అటువంటిదానినే నేనును చాలకాలము వాడితిని.

దాని బొమ్మలో సుమారు 70 లక్షల చుక్కలుండును. అడ్డమున 3072, నిలువున 2304. నేటి సెల్ ఫోనుల లెక్కలు విన్నవారికిది స్వల్పముగా దోచును. కాని 10 అంగుళముల వెడల్పున తెరచిన పుస్తకమును తీసినను అంగుళమునకు 300 చుక్కలు వచ్చును. మన యిండ్లలోని పాత ఉత్తరములు, పాటల పుస్తకములు చదువుకొనుటకు ఇంతకన్న నేమి కావలెను? రెండు పెన్సిలు సెల్లులు వేసిన చాలును. (చవక సెల్లులు కొద్ది బొమ్మలకే చేతులెత్తును. చార్జి చేయునవి మేలు.)

ఇక దాని అశక్తి. వెలుతురును గ్రహించు ఫలకము చిటికెనవ్రేలి గోటికన్న చిన్నది. చీకటిపడినచో బొమ్మంతయు ఇసుక చల్లినట్లుండును. ఫ్లాషు వెలుగు పది పండ్రెండడుగులు దాటదు. రాత్రి నాటకమును వెనుక వరుసనుండి తీయబోయితిరా, ముందువారి తలలు మాత్రమే తెల్లగా పడును.

మరియొక సంగతి నష్టపడి నేర్చుకొంటిని. మా అమ్మమ్మ చేతివ్రాత పాటల పుస్తకమును ఎండలో తెరచిపెట్టి, రెండేసి పుటలుగా తీసితిని. ఎండకు తెర కానరాక, పైనున్న చిన్న కిటికీలోనుండి చూచి మీట నొక్కితిని. ఆ కిటికీ కటకమునకు పైన నుండును. దూరపు వస్తువులకు అది చెల్లును. మూరెడు దూరమున మాత్రము కిటికీ చూపునదొకటి, కటకము చూచునది వేరొకటి. ప్రతి పుటలోను మొదటి పంక్తి తెగిపోయినది.

మరల తీయవచ్చునని ఊరకుంటిని. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినపుడు మా యింటి పెంకులెగిరి, ఆ పుస్తకము తడిసి ముద్దయినది. ఇప్పుడు మా యింట పాటలున్నవి. మొదటి పంక్తులు లేవు. రెండు పాటలను పెద్దమ్మ పాడి పూరించినది. తక్కినవాటిని ఎరిగినవారు లేరు.

కావున పుస్తకములను వసారా నీడలో, పగటి వెలుతురున పరచుడు. ఫ్లాషు ఆపుడు. తెరను చూచియే తీయుడు. చేయి వణకిన బొమ్మ చెదరును గనుక రెండు సెకండ్ల గడువు పెట్టుడు. తీసిన బొమ్మను అక్కడనే పెద్దదిచేసి, మొదటి పంక్తి చదివి, ఆ పిమ్మటనే పుట త్రిప్పుడు.

సెల్ ఫోను మేలుకాదా యని యడుగుదురు. మేలే. కాని ఫోను మనిషి వెంట పోవును. ఈ కెమెరా కార్డు బడిలోనే యుండును. ఏ తరగతి బాలుని చేతికైనను ఈయవచ్చును.

వచ్చు ఆదివారము ఉదయము నేను సెల్లులు తెచ్చెదను. మీరు మీ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి పుస్తకములు తెండు.