కార్యక్రమముల అమలు – లోపలి పరిశీలన

(ఉపన్యాసపాఠము)



చరోదాలో నివసించు తెలుగు కుటుంబములలో పెక్కింటికి రైలుయార్డుతో నిత్యసంబంధము కలదు. 1931లో రాయపురము–విజయనగరము రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రమునుండి ఈ సీమకు రాకపోకలు సులభమైనవి. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నాటినుండి చుట్టునున్న పల్లెలు పట్టణములుగా మారజొచ్చినవి. దల్లీ–రాజహరా గనులనుండి ఇనుప ఖనిజము కర్మాగారమునకు వచ్చుటకును, తయారైన పట్టాలు దేశమున నలుమూలలకు పోవుటకును రైలే ఆధారము. కావున, ఒక కార్యక్రమము సరిగా అమలగుచున్నదో లేదో లోపలివారే పరిశీలించుకొను విషయమును గూర్చి ఇచ్చట ముచ్చటింపవలసినచో, యార్డునుండియే ఆరంభించుట యుక్తము.

గూడ్సుబండి బయలుదేరుటకు ముందు క్యారేజి, వ్యాగను శాఖవారు దానిని పరీక్షింతురు. పూర్వము చక్రమును సుత్తితో తట్టి నాదమును వినెడివారు. గట్టి చక్రము గంటవలె మ్రోగును. బీటవారినది మొద్దుగా పలుకును. ఇరుసుపెట్టె వేడెక్కినదేమోయని చేయి ఆనించి చూచెడివారు. నేడు పరికరములు మారినవి గాని, పనిలోని సారము మారలేదు. బ్రేకులు, స్ప్రింగులు, కప్లింగులు వరుసగా చూచి, దోషమున్న వ్యాగనుకు ‘సిక్’ గుర్తు వేసి సిక్ లైనుకు పంపుదురు. తక్కిన బండికి బ్రేకు పవరు సర్టిఫికెట్టు వ్రాసి సంతకము చేయుదురు. దానిపై డ్రైవరును, 2022 నుండి ట్రెయిన్ మేనేజరని పిలువబడుచున్న గార్డును కూడ సంతకము చేయవలెను.

ఈ చిన్న కాగితమునందు పరిశీలనాశాస్త్రమంతయు ఇమిడియున్నది. పరీక్షించువాడు రైల్వేవాడే, పరాయివాడు కాడు. పని యెరిగినవాడు గనుక దోషమెక్కడ దాగునో అతనికి తెలియును. అయినను బండ్లను సకాలమున నడిపించు భారము అతనిది కాదు. ఆ భారము వేరొక శాఖది. బండి ఆలస్యమగునను భయముతో అతడు కన్నుమూయనక్కరలేదు. ఇక మూడవది, ఆ బ్రేకులపై ఎవరి ప్రాణము ఆధారపడియున్నదో, వారి సంతకము కూడ కాగితముపై నుండవలెను. లోపలివాడై యుండుట, చేయువాని చేతిక్రింద లేకుండుట, ఫలమనుభవించువాడు సాక్షిగా నుండుట అను ఈ మూడింటిలో ఏది కొరవడినను పరిశీలన పేరునకు మాత్రమే మిగులును.

దేశము ఈ పాఠమును పెద్దయెత్తున నేర్చుకొన్న సందర్భము ఒకటి కలదు. 1952 అక్టోబరు 2వ తేదీన గాంధీజయంతినాడు 55 సమాజవికాస ప్రాజెక్టులు ప్రారంభమైనవి. ఒక్కొక్క ప్రాజెక్టు క్రింద సుమారు 300 గ్రామములు, 2 లక్షల జనము. వ్యవసాయము, రోడ్లు, పాఠశాలలు, ఆరోగ్యము అన్నియు అందులోనివే. ఆ మాసముననే ప్రణాళికాసంఘము క్రింద కార్యక్రమ మూల్యాంకన సంస్థ ఏర్పడినది. ప్రాజెక్టులను నడుపు యంత్రాంగమునకు దీనిని లోబరచక వేరుగా నుంచిరి. ప్రభుత్వము తన పనిని తానే, అయినను వేరు కంటితో, చూచుకొనుటకు చేసిన ఏర్పాటు అది.

ఎరువుగుంటలెన్ని త్రవ్వబడినవి, రోడ్లెన్ని మైళ్లు వేయబడినవి అను లెక్కలు కార్యాలయమునకు సులభముగనే చేరును. త్రవ్విన గుంటలో రైతు ఎరువు వేసెనా? వేసిన రోడ్డును మరుసటి వర్షాకాలము తరువాత గ్రామస్థులు తమదని బాగుచేసికొనిరా? ఈ ప్రశ్నలకు జవాబు గ్రామమునందే దొరకును. మూల్యాంకన నివేదికలు వచ్చినకొలది ఒక సత్యము బయటపడజొచ్చినది. జనము తమంతట తాము ముందుకు రాక ప్రభుత్వముపైననే ఆధారపడుచుండిరి. మేలు కూడ అందరికి సమముగా అందుటలేదు. 1957లో బలవంతరాయ్ మెహతాగారి అధ్యక్షతన నియమింపబడిన అధ్యయన బృందము సైతము, ప్రజలలో స్వయంప్రేరణ కలిగించుటయందు ఈ ఉద్యమము కృతకృత్యము కాలేదని తేల్చి, అధికారమును ఎన్నికైన స్థానికసంస్థలకు మూడు అంతస్తులుగా అప్పగింపవలెనని సూచించెను. ఆ సూచనకు ఫలముగా 1959 అక్టోబరు 11వ తేదీన ఆంధ్రప్రదేశమున షాద్‌నగరునందు జవహర్‌లాల్ నెహ్రూగారు పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి.

ఇందు గమనింపదగిన విషయమొకటి యున్నది. తన కార్యక్రమము తప్పటడుగు వేయుచున్నదని చెప్పినవారిని ప్రభుత్వము శత్రువులుగా నెంచలేదు. వారి మాటనుండియే కొత్త వ్యవస్థ పుట్టినది. ఆ మూల్యాంకన సంస్థ 2015లో నీతి ఆయోగ్ క్రింది నూతన కార్యాలయములో విలీనమైనది. సంస్థ పేరు మారినను అవసరము తీరిపోలేదు.

అర్ధశతాబ్ది గడచిన పిమ్మట తెలుగునేలపైననే ఈ పని మరియొక మెట్టు ఎక్కినది. జాతీయ గ్రామీణ ఉపాధిహామీ చట్టము 2005లో పుట్టి, 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెయందు ప్రధానమంత్రి మన్మోహన్‌సింగ్‌గారిచే అమలునకు తేబడినది. గ్రామసభచే సామాజిక తనిఖీ జరుగవలెనని ఆ చట్టములోనే వ్రాయబడెను. ఆంధ్రప్రదేశము దీనిని పట్టుదలతో అమలుపరచి, 2009లో ఇందుకొరకు ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. కూలికుటుంబములలోని చదువుకొన్న యువతీయువకులకు శిక్షణ యిచ్చిరి. వారు మస్టరురోలును చేతబట్టి ఇంటింటికి పోయి చదివి వినిపించెడివారు. “అవ్వా! ఈ నెలలో నీవు పన్నెండు దినములు పని చేసినట్లు వ్రాసియున్నది. చేసితివా? కూలి ముట్టెనా?” అను రీతిగా ప్రశ్న సాగెడిది. త్రవ్విన కాలువను టేపుతో కొలిచెడివారు. పిదప ఆ ఫలితములను బహిరంగసభలో అధికారుల యెదుటనే చదివెడివారు. ఎవరి ఊరిని వారే తనిఖీ చేయకుండ వేరు ఊరికి పంపెడివారు. కూలిబాధ తెలిసినవారు గనుక వారు లోపలివారు. ఆ ఊరి మొగమాటములు లేనివారు గనుక స్వతంత్రులు. యార్డులోని నియమమే ఇక్కడను కనబడుచున్నది.

అయినను ఒక లోపమును దాచరాదు. తనిఖీలలో తప్పుదారి పట్టినదని తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది స్వల్పభాగమే. సిక్ గుర్తు వేసినంతమాత్రమున వ్యాగను బాగుపడదు. దానిని విడదీసి, సిక్ లైనులో మరమ్మతు చేయువారుండవలెను. కనిపెట్టుట ఒక పని, దిద్దుట వేరొక పని. రెండవది జరుగనిచో మొదటిదానిపై జనమునకు నమ్మకము పోవును. నాలుగుమార్లు చెప్పి ఫలము గాననివాడు ఐదవమారు నోరు విప్పడు.

ఏ కార్యాలయమునందైనను లోపలి పరిశీలనకు పెద్ద అడ్డంకి అజ్ఞానము కాదు, భయము. పైయధికారికి శుభవార్తయే వినిపింపవలెనని క్రిందివాడు తలచును. అంకె నిండియుండిన చాలునని పైవాడు తృప్తిపడును. వనమహోత్సవమున నాటిన మొక్కలెన్ని యను ప్రశ్నకు జవాబు ఫైలులో నుండును. మరుసటి వేసవికి బ్రతికిన మొక్కలెన్ని యనుదానికి జవాబు ఎండలో నడచి చూచినవానికే తెలియును. చూచి వచ్చి, సగము ఎండిపోయినవని వ్రాసిన గుమాస్తాను మందలించినచో, ఆ కార్యాలయమున మరల ఒక్క మొక్కయు ఎండదు—కాగితముపైన! కావున అధికారియైనవాడు తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు: ‘చెడువార్త తెచ్చిన ఉద్యోగికి ఇచ్చట ఏమి జరుగుచున్నది?’

ఈ విచారణ ప్రభుత్వ కార్యక్రమములకే పరిమితము కాదు. స్వస్థలమునకు దూరమున నివసించు తెలుగువారి సంఘములు ఉగాదిని జరుపును, నాటకములు వేయును, పిల్లలకు తెలుగు తరగతులు నడుపును. వార్షిక నివేదికలో ఎందరు పిల్లలు చేరిరో వ్రాయుదురు. అది నాటిన మొక్కల లెక్క. బడిలో హిందీయు, ఆటలో ఛత్తీసుగఢీయు మాటలాడు చరోదా బాలిక, సంవత్సరాంతమున పార్వతీపురములోనో పలాసలోనో యున్న అమ్మమ్మకు తన చేతితో నాలుగు పంక్తులు తెలుగున వ్రాయగలదా? ఇది బ్రతికిన మొక్కల లెక్క. ఆ లెక్కను చెప్పవలసినది తరగతి నడుపు కార్యదర్శి కాదు. జాబు నందుకొన్న అమ్మమ్మ. తప్పులతోనైనను ఆ జాబు చేరినచో కార్యక్రమము నడచినట్లే. చేరనిచో కార్యదర్శిని నిందింపక, తరగతి వేళ మార్చవలెనా, షిఫ్టు డ్యూటీలలో నున్న తండ్రులకు బదులు తల్లులను బోధనకు పిలువవలెనా యని అందరును కూర్చుండి ఆలోచింపవలెను.

పరిశీలన యనగా తప్పులు పట్టుట కాదు, బండిని ఆపుట అంతకన్నను కాదు. బండి గమ్యము చేరవలెనను కోరికతోనే పరీక్షకుడు ప్రతి చక్రమువద్దను వంగి చూచును. రాత్రి రెండు గంటలవేళ, చలిలో, చేతిదీపముతో ఆ పని చేయుచున్నవారు ఈ ఊరిలో నున్నారు; వారిలో కొందరి కుటుంబములు ఈ సభలోనే యున్నవి. వారు ప్రతిదినము బండ్ల విషయమున చూపు శ్రద్ధను, తక్కినవారు తమతమ కార్యాలయముల కార్యక్రమములందును, సంఘపు పనులందును చూపగలిగినచో, నివేదికలలోని అంకెలును కంటికి కనబడు ఫలితమును ఒక్కటి కాగలవు.