ఎముకల గుల్లదనం: ఔషధ సేవన నియమాలు

(వృద్ధ భక్తుల కొరకు ఏర్పాటైన ఆరోగ్య సభలో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



ఇటీవల ఒక వృద్ధమాత నా వద్దకు వచ్చి, "నాయనా, ఆ మాత్ర నాకు పడలేదు. గుండెల్లో ఒకటే మంట. మానేశాను" అన్నారు. ఎముకల గుల్లదనానికి వారానికి ఒకసారి సేవించే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర అది. ఎలా వేసుకున్నారని విచారించాను. స్నానం కాగానే ఒక్క గుక్క నీటితో మింగి, దేవుని ముందు మోకాళ్లపై వంగి నమస్కరించి, వెంటనే కాఫీ తీసుకున్నారట!

ఈ మాత్ర అన్నవాహికలో నిలిచిపోతే లోపలి పొరను దహిస్తుంది. వంగినా, పడుకున్నా పైకి ఎగదన్నుతుంది. కనుక పరగడుపున నిండు గ్లాసు మంచినీటితో మింగి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి, లేదా నడవాలి. జపానికి ఆ అరగంట చక్కగా సరిపోతుంది. సాష్టాంగ ప్రణామానికి మాత్రం తగదు. ఎంత నియమంగా సేవించినా ఈ మందులో నూటికి ఒక పాలు కూడా దేహానికి అందదు. కాఫీతో కలిస్తే ఆ స్వల్పభాగంలోనూ సగానికి పైగా వ్యర్థమవుతుంది. పాలు, కాల్షియం మాత్రలు సైతం దానిని అడ్డుకుంటాయి. తీర్థప్రసాదాలైనా అరగంట గడిచిన తరువాతనే స్వీకరించండి.

నిర్జలోపవాసం నాడు ఈ మాత్ర వేసుకోరాదు. మీరు నియమించుకున్న వారంనాడే ఏకాదశి వస్తే, మరునాటి ఉదయం వేసుకుని, పై వారం నుండి యథాప్రకారం కొనసాగించవచ్చు.

అన్నవాహికలో వ్యాధి ఉన్నవారికి, నిటారుగా కూర్చోలేనివారికి మాత్ర పనికిరాదు. అట్టివారికి సంవత్సరానికి ఒక్కసారి నరం ద్వారా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఉంది. ఎక్కించడానికి కనీసం పదిహేను నిమిషాలు పడుతుంది. మొదటిసారి జ్వరం, ఒళ్లునొప్పులు రావడం సామాన్యం. సాధారణంగా మూడు రోజులలో తగ్గుతాయి. దానికి భయపడి మరుసటి ఏడు మానుకునేవారు ఎందరో! అయితే ముందుగా మూత్రపిండాల పనితీరును, రక్తంలో కాల్షియం, విటమిన్ డి పరిమాణాలను పరీక్షించుకోవాలి. మందుల దుకాణంలో 4 మిల్లీగ్రాముల సీసా కూడా దొరుకుతుంది. అది క్యాన్సర్ చికిత్సకు ఉద్దేశించినది. గుల్లదనానికి వాడేది 5 మిల్లీగ్రాములు.

ఇక వ్యయం మాట. బిళ్లకు బిళ్ల ధర పోల్చి చూడడం పొరపాటు. ఏడాది ఖర్చు లెక్కించండి. వారానికొకటి అంటే యాభైరెండు మాత్రలు. సంవత్సరానికొక్కసారి ఎక్కించేదానికి మందు వెలతో పాటు ఆసుపత్రి పడక, పరీక్షల రుసుము కూడా కలపాలి. ఈ రెండూ జెనరిక్ పేర్లతో లభిస్తాయి. జన ఔషధి కేంద్రంలో అడిగి చూడండి. వీటికంటే ఖరీదైనది టెరిపరాటైడ్. ప్రతిదినం చర్మం క్రింద పొడుచుకోవాలి, పెన్నును ఫ్రిజ్‌లో ఉంచాలి, సాధారణంగా రెండేళ్లకు మించి వాడరు. అది క్రొత్త ఎముకను నిర్మిస్తుంది. వెన్నుపూసలు ఇదివరకే విరిగినవారికి దాని ప్రయోజనం గొప్పది. కానీ ఆపిన తరువాత మరొక మందుతో ఆ బలాన్ని నిలుపుకోకపోతే పెట్టిన ధనం, పడిన శ్రమ చాలావరకు వృథా.

దవడ ఎముక దెబ్బతింటుందని విని కొందరు మందులే వద్దంటారు. మాత్రకైనా ఇంజెక్షన్‌కైనా గుల్లదనం మోతాదులో అది మిక్కిలి అరుదు. పన్ను తీయించుకోవలసిన అవసరముంటే చికిత్సకు ముందే ఆ పని ముగించుకోవడం మేలు. చాలా ఏళ్లుగా మాత్ర వాడుతున్నవారికి తొడలో లేదా గజ్జలో క్రొత్తగా నొప్పి పుడితే మాత్రం ఉపేక్షించకండి. తొడ ఎముకలో సన్నని పగులు కావచ్చు.

డెనోసుమాబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరు నెలలకొకసారి చర్మం క్రింద ఇచ్చే ఇంజెక్షన్ ఇది. అన్నవాహికకు బాధ లేదు. మూత్రపిండాలు బలహీనమైనవారికి కూడా ఇస్తారు, కాల్షియం పడిపోకుండా కనిపెట్టుకుంటూ. ఇన్ని సుగుణాలు ఉన్నా దీనిని హఠాత్తుగా ఆపరాదు. మాత్రల మందు మానినా దాని అంశ ఎముకలో కొన్నేళ్లు నిలిచి కాపాడుతుంది. దీని ప్రభావం మాత్రం గడువు దాటగానే తరిగిపోతుంది. అప్పుడు ఎముక వేగంగా క్షీణించి, ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరిగిన సందర్భాలున్నాయి. నిలపవలసి వస్తే వైద్యుడు దాని స్థానంలో వేరొక మందు మొదలుపెడతారు. కనుక మొదటి సూదికి ముందే రెండవదానికి డబ్బు సమకూరుతుందా అని ఇంట్లో ఆలోచించండి. యాత్రకు బయలుదేరినా, పిల్లల దగ్గరకు విదేశం వెళ్లినా గడువు గడువే. ఇంజెక్షన్ వేయించుకున్ననాడే తదుపరి తేదీని గోడమీది క్యాలెండరులో వ్రాయించి, ఇంట్లో చిన్నవారికి కూడా చెప్పి ఉంచండి.