ఎండను పట్టే రంగులు



బాచుపల్లి అపార్టుమెంట్ల డాబాల మీద, వడియాల చాపల పక్కన, ఇప్పుడు అక్కడక్కడ సౌర పలకలు కనిపిస్తున్నాయి. అవి కరెంటువాళ్ల సంగతిలే అనుకుంటాం. నిజానికి వాటిలో వైర్ల పని తక్కువ, వంట ఎక్కువ! రసాయన శాస్త్రజ్ఞుల వంట అన్నమాట.

పలుగురాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కాలిస్తే ముడి సిలికాన్ వస్తుంది. దాన్లో ఇనుము వగైరా మలినాలుంటాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాటిని ఏరలేం కదా! అందుకని హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో కలిపి దాన్ని ద్రవంగా మారుస్తారు. ఆ ద్రవం 32 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మన ఏప్రిల్ ఎండ చాలు. దాన్ని ఆవిరిచేసి, చల్లార్చి, మళ్లీ ఆవిరిచేసి, చివరకు హైడ్రోజన్ సాయంతో శుద్ధమైన సిలికాన్ రాబడతారు. పది లక్షల పాళ్లలో ఒక్క పాలు మలినం కూడా ఉండకూడదు. ఇందుకు కరెంటు ఖర్చూ ఎక్కువే.

ఇంత శ్రమ లేని దారి ఆకులో కనిపించింది. ఆకు చేసే పనీ వెలుగును పట్టడమేగా! 1991లో స్విట్జర్లాండులో ఓరీగన్, గ్రెట్జెల్ అనే ఇద్దరు, గోడల పెయింటుకు తెల్లదనమిచ్చే టైటానియం డయాక్సైడ్ పొడికి రంగు పట్టించి కరెంటు తీశారు. రంగు వెలుగును పీల్చి ఎలక్ట్రాన్‌ను పొడికి అందిస్తుంది. అయోడిన్ ద్రావణం ఆ లోటు పూడుస్తుంది. పడిన వెలుగులో సుమారు 7 శాతం కరెంటయింది. కాని ఆ రంగులో రుథీనియం అనే అరుదైన లోహం ఉంది.

ఆ లోహం లేని రంగుల కోసం మన తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఏళ్లుగా పనిచేశారు. పాతవాళ్లు ఆర్.ఆర్.ఎల్. అంటారే, అదే, 1989లో పేరు మారింది. వాళ్లు పట్టుకున్నవి పోర్ఫిరిన్లు, థాలోసయనిన్లు. మొదటివి ఆకు పచ్చదనానికీ, మన నెత్తుటి ఎరుపుకీ దగ్గర చుట్టాలు. రెండోవి అచ్చుసిరాల్లో నీలానికి వాడేవి.

చిక్కల్లా మన్నికతోనే. చీర వెలిస్తే ఇంట్లో కట్టుకుంటాం. పలక మాత్రం పాతికేళ్లు ఎండలో నిలవాలి. రంగు వెలిసినా, ద్రావణం ఆవిరైనా పని ఆగినట్టే. 2009లో జపానులో ఈ దారిలోనే వచ్చిన పెరోవ్‌స్కైట్ 3.8 శాతంతో మొదలై, ప్రయోగశాలల్లో 25 దాటింది. దానికేమో తేమ పడదు, పైగా అందులో సీసం ఉంటుంది.

మరి కొత్తరకం వచ్చేదాకా ఆగుదామా అంటారేమో. అక్కర్లేదనే నా అభిప్రాయం. ఇప్పటి సిలికాన్ పలకలు 20 శాతానికి పైగానే ఇస్తున్నాయి. కడిగేటప్పుడు మాత్రం బోరునీళ్లను పలకమీద ఆరనివ్వకండి. ఉప్పు తెట్టు కట్టి వెలుగుకు అడ్డమవుతుంది. పొద్దున్నే, పలక చల్లగా ఉండగానే కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచెయ్యండి.