గంజాయి మూట మన గుమ్మం తొక్కకుండా



మత్తుమందు అంటే అలవాటైనవాడి ఖర్మ, వాడింటి గొడవ అనుకుంటాం. అది ఇంటితో ఆగేది కాదు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవులో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ పట్టుబడింది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి ఇరాన్ మీదుగా, పౌడరు రాయి అని కాగితాల్లో రాసి పంపారు. తెప్పించిన కంపెనీ అడ్రసు ఎక్కడిదనుకున్నారు? మన విజయవాడది! ఈ డబ్బు ఉగ్రవాదులకు చేరుతోందని కేసు చూస్తున్న ఎన్ఐఏ చెప్పింది. అందుకే మనం మన పేరు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఇంటి అడ్రసు అడిగినవాళ్లందరికీ ఇవ్వకూడదు.

ఇక గంజాయి సంగతి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అయినా ఒడిశా సరిహద్దు నుంచి ఇంకా దిగుతూనే ఉంది. అసలు వ్యాపారి ఎక్కడో కూర్చుంటాడు. ఈ మూట ఫలానా చోట ఇచ్చిరా, డబ్బులిస్తాం అని మన పిల్లల్ని పంపుతాడు. దొరికేది మూట మోసినవాడే. 20 కిలోలు దాటితే 10 ఏళ్లకు తక్కువ కాకుండా జైలు, లక్షకు తక్కువ కాకుండా జరిమానా. 20 కిలోలంటే మనం కొనే బియ్యం బస్తా కంటే చిన్న మూట. దానికి ఒక పిల్లాడి వయసంతా పోతుంది.

మా సంఘంలో ఒక అక్క రెండు నెలలు వాయిదా కట్టలేదు. గట్టిగా అడిగితే ఏడ్చేసింది. కొడుకు గంజాయికి అలవాటుపడి కుట్టుమిషను కూడా అమ్మేశాడట. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఇలా ఎందరు తల్లులు నోరు మూసుకుని ఉన్నారో! మన మౌనమే అమ్మేవాడికి కాపలా.

అక్కలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64ఎ సెక్షను ఉంది. కొద్దిపాటి సరుకుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ, లేదా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్సకు చేరితే శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇది వాడేవాడికే గాని అమ్మేవాడికి కాదు.

మేము 14446కి ఫోన్ చేసి కేంద్రం ఎక్కడుందో కనుక్కున్నాం. ఇద్దరం ఆ అక్కకి తోడు వెళ్లాం. వాయిదాకి మూడు నెలల గడువు ఇచ్చాం. పిల్లాడు ఇంకా పూర్తిగా కోలుకోలేదు, కానీ చికిత్స మానలేదు.

ఊళ్లో అమ్మకం కనబడితే 1972కి చెప్పండి. అది మన రాష్ట్రంలో ఈగల్ పోలీసుల నంబరు. ఒంటరిగా వెళ్లి వాళ్లతో తగువు పెట్టుకోకండి.

పొదుపు మీటింగులో వాయిదాల లెక్కతో పాటు, పిల్లలు ఎలా ఉన్నారని కూడా అడుగుదాం. సిగ్గుపడే తల్లిని నలుగురిలో నిలదీయకుండా, పక్కకి పిలిచి మాట్లాడదాం. అప్పు తీసుకునేటప్పుడు ఒకరికొకరం పూచీ ఉంటున్నాం కదా. బిడ్డల విషయంలోనూ అలాగే పూచీ ఉందామని మా సంఘం కోరుతోంది. సెలవు.