తిరిగి వచ్చిన వ్యాధి – సంఘము బాధ్యత

(శతవార్షికోత్సవ స్త్రీల కూటములో బసంత్‌నగర్ స్త్రీల మైత్రి పక్షమున చేసిన ప్రసంగము)



బసంత్‌నగర్ సిమెంటు కాలనీ నుండి వచ్చిన మేము ఈ దినమున మా తప్పు ఒకటి ఒప్పుకొని, దానివలన నేర్చుకొన్నది మీకు చెప్పగోరుచున్నాము.

మా సంఘములో ఒక తల్లికి అండాశయ క్యాన్సరు వచ్చినది. ఆపరేషను, ఆరు విడతల కీమోథెరపీ ముగిసిన పిమ్మట కృతజ్ఞతా కూటము పెట్టి ఆమెచేత సాక్ష్యము చెప్పించినాము. ఏడాదిన్నరకు వ్యాధి తిరిగి వచ్చినది. అప్పుడు మాలో కొందరము "విశ్వాసము తగ్గినదేమో" అని గుసగుసలాడినాము. ఆ మాట ఆమె చెవిని పడినది.

రెండవసారి మందు ఎక్కించుకొని హైదరాబాదు నుండి వచ్చిన పదవనాడు ఆమెకు జ్వరము తగిలినది. ఆ సాయంత్రము వారి ఇంటనే ప్రార్థన కూటము. మేమేమనుకొందుమోనని జ్వరము దాచి, మాకందరికి టీ కాచి ఇచ్చినది. తెల్లవారేసరికి ఆసుపత్రిలో ప్రాణాపాయ స్థితి. దేవుని కృపవలనను వైద్యుల ప్రయాసవలనను బ్రదికినది.

అండాశయ క్యాన్సరు తరచుగా ముదిరిన తరువాతనే బయటపడును. అట్టివారిలో ఎక్కువమందికి, వైద్యము ఫలించినను, తిరిగి వచ్చును. అది వ్యాధి స్వభావము. విశ్వాసమునకు కొలత కాదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 1948లో అమెరికాలో పిల్లల రక్త క్యాన్సరు తగ్గినప్పుడును, అది తాత్కాలికమే అయినది. ఆ పసివారి విశ్వాసమును ఎవరు తప్పుపట్టుదురు?

కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ వంటి మందులు త్వరగా పెరుగు కణములను చంపును. అందుచేత వెండ్రుకలు రాలును, నోరు పూయును, ఎముకల మూలుగలో పుట్టు తెల్లకణములు తగ్గును. మందు ఎక్కిన తరువాత ఒకటి రెండు వారముల మధ్య ఈ తగ్గుదల ఎక్కువ. అప్పుడు జ్వరము 100.4 డిగ్రీలు ముట్టినచో, ఇంట మాత్ర మ్రింగి పండుకొనక, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. వాంతుల మాత్ర వైద్యుడు చెప్పిన వేళకు వేసుకొనవలెను. వాంతి అగువరకు ఆగరాదు. చేతులు కాళ్ళు తిమ్మిరెక్కినచో చెప్పవలెను. పొయ్యి వేడి తెలియక కాలును. కార్బోప్లాటిన్ మరల మరల ఎక్కించుకొనువారికి ఆ సమయమున దురద గాని ఆయాసము గాని కలిగినచో తక్షణమే నర్సును పిలువవలెను.

బదరీ వృక్షము క్రింద ఏలీయా చావు కోరినప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు. ముందు నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చెను. ప్రశ్న తరువాత అడిగెను. మేము ముందే ప్రశ్న వేసినాము.

ఇప్పుడు మా స్త్రీల మైత్రి సంచిలో బైబిలుతోపాటు థర్మామీటరు ఉన్నది. జలుబు, దగ్గు ఉన్నవారము రోగి ఇంటికి పోము. పోయినవారము పావుగంటకు మించి కూర్చుండము, టీ త్రాగము. ఏది సహించునో అడిగి, జావయో మెత్తని అన్నమో అప్పుడే వండి ఇచ్చుచున్నాము. హైదరాబాదు ప్రయాణమునకు వంతులవారీగా ఒకరము తోడు పోవుచున్నాము.

ఆ తల్లి ఇంకను మందు తీసుకొనుచున్నది. పోయిన కూటములో లేచి, వాంతులగుచున్నవని, రాత్రులు భయము వేయుచున్నదని చెప్పినది. మేము దానిని సాక్ష్యముగానే విన్నాము.

మీ సంఘములలోను అట్టివారు ఉందురు. వారు దాచవలసిన అవసరము లేకుండ చేయుడి. ప్రభువు మిమ్మును దీవించునుగాక. ఆమేన్.