ఉద్యోగం వదిలే ముందు ఇంటిల్లిపాదీ మష్వరా

(గద్వాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలో ప్రభుత్వ కొలువు చేసి విరమించిన కొందరం గుమాస్తాలం కలిసి, దరఖాస్తులు నింపడంలోను, పింఛను కాగితాలు సరిచూడడంలోను మనవారికి చేయూతనిస్తున్నాము. ఈ మధ్య మా వద్దకు వచ్చే యువకులు ఒక ప్రశ్న తెస్తున్నారు. "పర్మినెంటు ఉద్యోగమే, కానీ జీతం చాలడం లేదు. మానేసి దుకాణం పెట్టుకోమంటారా?" బజారు మందగించిన రోజులలో దీనికి జవాబు చెప్పే ముందు, మేము చేసిన ఒక పొరపాటును మీ ఎదుట ఒప్పుకోవలసి ఉన్నది.

అది 2019. దేశ ఆర్థిక వృద్ధి నెమ్మదించిన ఏడాది. బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థలో జీతాలు ఆలస్యమవుతున్నాయి. అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం ఆ సంస్థ పునరుద్ధరణ ప్రణాళికను ఆమోదించింది. అందులో భాగంగా 50 ఏళ్లు నిండిన ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ పథకం వచ్చింది. నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు గడువు. చేసిన ప్రతి ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం, కొన్ని పరిమితులకు లోబడి, పరిహారంగా లెక్కకట్టారు. 78 వేల మందికి పైగా, అంటే సిబ్బందిలో సుమారు సగం మంది, 2020 జనవరి 31న ఒక్కరోజే విరమించారు.

ఆ గడువులోనే వనపర్తి సోదరుడొకరు మా వద్దకు వచ్చారు. వయసు 54. "ఉండమంటారా, పొమ్మంటారా?" అని అడిగారు. మేము కాగితం మీద రోజులు, జీతం హెచ్చవేసి, "తీసుకోండి భాయి, ఇంత మొత్తం మళ్లీ చేతికి రాదు" అన్నాము. లెక్క తప్పలేదు. అడగవలసినది అడగలేదు, అంతే. పెద్దమ్మాయి పెళ్లి నిశ్చయమైందని, తమ్ముడి అప్పుకు ఆయనే జామీను నిలిచారని, ఫర్నిచరు దుకాణం పెట్టాలన్నది కొడుకు ఆలోచన అని మాకు తరువాత తెలిసింది. భార్యతో మాట్లాడారా అని కూడా మేము అడగలేదు. ఆమె వద్దన్నదట.

పరిహారం వస్తుందన్న ధీమాతో ఆయన ముందే అప్పు చేసి దుకాణం అద్దెకు తీసుకున్నారు. విరమించిన 54వ రోజున, మార్చి 25న, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. అటువంటప్పుడు మంచాలు, బీరువాలు కొనేదెవరు? పరిహారం అప్పులకే సరిపోయింది. పింఛను ఉండబట్టి పస్తులు తప్పాయి.

అదే పథకంలో విరమించిన గద్వాల సోదరుడు ఏ దుకాణమూ పెట్టలేదు. బాకీలు తీర్చి, పింఛనుతో ఇల్లు నడుపుకుంటూ, మంచాన పడిన తల్లికి సేవ చేసుకున్నారు. ఆయన నిర్ణయం సరైనదే. కనుక ఉద్యోగం వదలడం తప్పని మేము అనడం లేదు.

అయితే మన ఇళ్లలో ఈ నిర్ణయం బరువు ఎక్కువ. దేశంలోని ముస్లిం శ్రామికులలో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. దర్జీ, మెకానిక్, పండ్ల బండి, మాంసం దుకాణం: బజారు మూతపడిన రోజునే రాబడి ఆగిపోయే పనులివి. అటువంటి ఇళ్ల నడుమ నెల జీతం వచ్చే ఇల్లు ఒకటుంటే, అన్నదమ్ముల పిల్లల ఫీజులకు, ఆస్పత్రి ఖర్చులకు, బ్యాంకు జామీనుకు అందరూ ఆ గడపే తొక్కుతారు. ఆ జీతం పోతే నాలుగు ఇళ్లు కుంటుపడతాయి.

హక్కుల సంగతీ ఉన్నది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. నియామకాలు జరిగితేనే ఆ 4 శాతానికి అర్థం. ఖాళీలు నింపాలని ప్రభుత్వాన్ని అడగడం మన అందరి బాధ్యత. ఆ భారాన్ని ఉద్యోగం మానదలచిన ఒక్క మనిషి నెత్తిన పెట్టరాదు.

ఇప్పుడు మా వద్దకు వచ్చినవారిని మేము నాలుగు మాటలు అడుగుతున్నాము. పై అధికారి మీద కోపంతో పోతున్నారా, పని మీద ఇష్టంతో పోతున్నారా? కోపమైతే ముందు సెలవు పెట్టండి. కొత్త పనిలో ఏడాది పాటు రూపాయి రాకపోయినా ఇల్లు గడుస్తుందా? మీరు పెట్టబోయేది రాజీనామానా, స్వచ్ఛంద విరమణా? పాత పింఛను విధానంలో రాజీనామా చేస్తే వెనుకటి సర్వీసు పోతుంది. 20 ఏళ్ల అర్హ సర్వీసు తరువాత స్వచ్ఛందంగా విరమిస్తే పింఛను వస్తుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులది సి.పి.ఎస్.; వారి లెక్క వేరు. చివరిది, మీ జీతం మీద ఆధారపడినవారితో, ముఖ్యంగా మీ ఇంటి ఆడవారితో, మష్వరా చేశారా?

వనపర్తి సోదరుని కథను ఆయన అనుమతితోనే చెప్పాము. ఆయన ఇప్పుడు ఆదివారాలు మాతోపాటు కూర్చుని దరఖాస్తులు నింపుతున్నారు. ఉద్యోగం మానుతానని ఎవరైనా యువకుడు వస్తే, మాకంటే ముందు ఆయనే అడుగుతారు: "ఇంట్లో చెప్పావా, బేటా?"